స్కైలాబ్ పడిన నేల మీదుగా, నాన్నతో

పొద్దున ఏడు గంటలకు జాండకాట్ ఎయిర్‌పోర్టులో నాన్న మా విమానం చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు. ఆగస్టు నెల, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో చలికాలం. తలకు మంకీ క్యాప్, చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడక. ముందు చక్రం దగ్గర వంగి వేలి ముడులతో టైరును రెండుసార్లు కొట్టి చూశాడు.

"గాలి సరిపోయినట్టే ఉండాది పాపా."

హిందూపురం డిపోలో 33 ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. డ్యూటీ ఎక్కే ముందు రాడ్డుతో ఆరు టైర్లనూ కొట్టి, శబ్దం విని గాలి ఎంతుందో చెప్పేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో బస్సెక్కినప్పుడల్లా అదే చూసేదాన్ని. విమానం ఎక్కే ముందు నేనూ ఒక రౌండ్ తిరుగుతాను. రెక్కల కీళ్ళు, ప్రొపెల్లర్ అంచు, ఇంజిన్ ఆయిల్, ట్యాంకుల్లో పెట్రోలు, అన్నీ చెక్‌లిస్టు ప్రకారం చూస్తాను. ఆ రోజు మొదటిసారి ఇద్దరం కలిసి తిరిగాం.

ఈ ప్రయాణానికి కారణం నాన్న అడిగిన ఒక ప్రశ్న. మూడు నెలల వీసా మీద వచ్చిన వారానికే, టీ తాగుతూ అడిగాడు: "ఆ స్కైలాబ్ పడింది మీ దిక్కేనంట కదా? యాడ?"

1979లో ఆయనకు పద్దెనిమిదేళ్ళు. అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశంలోంచి కూలిపోతుందనీ, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదనీ రేడియోలో చెబితే మన ఊళ్ళు ఎంత భయపడ్డాయో పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెబుతారు. మా ఊళ్ళో కోళ్ళనీ, మేకలనీ కోసుకుని తిన్నారట, రేపన్నది ఉండదని. మా అవ్వ దాచుకున్న నెయ్యంతా పోసి పిల్లలకు ఓళిగలు చేసి పెట్టిందట. చివరికి జులై నెలలో అది పడింది ఇక్కడ, పెర్త్‌కు తూర్పున. ఎస్పరెన్స్ అనే ఊరి నుంచి బాలడోనియా మీదుగా రాలిన్నా దాకా ముక్కలు దొరికాయి. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. ఎస్పరెన్స్‌లో 17 ఏళ్ళ కుర్రాడు ఒకడు తమ ఇంటి దగ్గర దొరికిన ముక్కలు పట్టుకుని విమానమెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, అక్కడి పత్రిక ప్రకటించిన పదివేల డాలర్ల బహుమతి తెచ్చుకున్నాడు. చెత్త వేసినందుకు నాసాకు ఎస్పరెన్స్ వాళ్ళు 400 డాలర్ల జరిమానా కూడా రాశారు.

"పడింటే ఎవురికీ తగల్లేదంటే, అంత ఖాళీనా ఆడ?" అన్నాడు నాన్న.

చూపిస్తాను పద అన్నాను.

నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చి ఆరేళ్ళయింది. వారం రోజులకు ఒక సెస్నా 172 అద్దెకు తీసుకున్నాను. నాలుగు సీట్లు, ఒకటే ఇంజిన్, రెక్కలు నెత్తి మీద. రెండు రెక్కల్లో చెరో వంద లీటర్ల దాకా వాడుకోగలిగే పెట్రోలు పడుతుంది. గంటకు సుమారు 35 లీటర్లు తాగుతుంది. జాండకాట్ నుంచి కల్‌గూర్లీ, అక్కడి నుంచి ఫారెస్ట్ అనే చిన్న ఎయిర్‌పోర్టు, తర్వాత సెడూనా, ఆ తర్వాత అడిలైడ్. నాలుగు రోజులు, దాదాపు 2300 కిలోమీటర్లు. పగలు, కంటికి నేల కనపడుతుండగా మాత్రమే ఎగురుతాం.

ఆ దేశం ఎంత ఖాళీయో లెక్క చెప్పాలంటే, ఒక్క వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రమే 25 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే ఎంతో దానికి తొమ్మిది రెట్లు. అందులో జనం 30 లక్షలు. వాళ్ళలో ఐదుగురిలో నలుగురు పెర్త్ చుట్టుపక్కలే ఉంటారు. మిగతాదంతా మిగిలిన ఆ ఒక్కరిది.

మొదటి రోజు సాఫీగా గడిచింది. పెర్త్ కొండలు దాటాక గోధుమ చేలు, పచ్చగా, ఒక్కోటి మా ఊరి పొలిమేరంత. చాలా దూరం మేము నీళ్ళ పైపు పక్కనే వెళ్ళాం. పెర్త్ దగ్గరి ముందారింగ్ డ్యామ్ నుంచి కల్‌గూర్లీ బంగారు గనులకు 500 కిలోమీటర్లు దాటిన దూరం నీళ్ళు తోసే పైపు అది. 1903లో మొదలైంది, ఇప్పటికీ పారుతోంది. అది విన్నాక నాన్న గంటసేపు ఆ పైపు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అనంతపురం జిల్లా మనిషికి నీళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయన్నది చిన్న సంగతి కాదు.

ఒకచోట చేలు గీత గీసినట్టు ఆగిపోయాయి. అక్కడి నుంచి అడవి. దారులు లేవు, రేకుల కప్పులు లేవు, బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ ఒక్కటే. కల్‌గూర్లీ వచ్చేదాకా అంతే.

మరుసటి రోజు సంగతి వివరంగా రాయాలి.

కల్‌గూర్లీ నుంచి ఫారెస్ట్‌కు 635 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు ఎక్కడా దొరకదు. అందుకని రాత్రి హోటల్ గదిలో మంచం మీద చార్టు పరుచుకుని రెండు లెక్కలు వేశాను. ఎక్కడిదాకా వెళ్తే ఇంకా వెనక్కి తిరిగి రాగలనన్నది ఒకటి. ఎక్కడి నుంచి చూస్తే వెనక్కి రావడానికీ ముందుకు పోవడానికీ ఒకే టైమ్ పడుతుందన్నది రెండోది. గాలి మాకు వెనక నుంచి వీస్తోంది. అందువల్ల ఈ రెండో చోటు దారికి నట్టనడుమ ఉండదు, కొంచెం ముందే వస్తుంది. మాకది 276 కిలోమీటర్ల దగ్గర వచ్చింది. దాన్ని దాటాక ఏం జరిగినా, వెనక ఊరు కిలోమీటర్లలో దగ్గరున్నా సరే, గడియారంలో ఫారెస్టే దగ్గర. పెన్సిల్‌తో అక్కడ అడ్డగీత గీశాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఇదేం గీత?" అన్నాడు. చెప్పాను. తల ఊపాడు.

పొద్దున్నే రెండు ట్యాంకులూ నిండా పోయించుకున్నాను. వెనక సీట్లో ఇరవై లీటర్ల నీళ్ళు, దుప్పట్లు, టార్పాలిన్, అగ్గిపెట్టెలు. నొక్కితే ఉపగ్రహానికి మా చోటు చెప్పే బీకన్ ఒకటి నా జేబులో. నాన్న తరఫున ఒక కేజీ వేయించిన వేరుశనగ బుడ్డలు. బయలుదేరే ముందు విమానాల కంట్రోల్ వాళ్ళకు సార్‌టైమ్ ఇచ్చాను. అంటే మేము చేరిపోయామని ఫలానా టైముకల్లా నేను చెప్పకపోతే వాళ్ళంతట వాళ్ళే మమ్మల్ని వెతకడం మొదలుపెడతారు. ఇంత ఖాళీ దేశంలో ఎగరడానికి నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే ఏర్పాటు అది. ఎక్కడో ఒక గదిలో, మన పేరు కూడా తెలియని మనిషి ఒకరు మన కోసం గడియారం చూస్తుంటారు.

7500 అడుగుల్లో తూర్పుకు ఎగురుతున్నాం. కింద రైలు పట్టాలు. దారి అటూ ఇటూ పోతున్నా ఆ పట్టాలను కనుచూపు దాటనివ్వకూడదని ముందే అనుకున్నాను. చెట్లు క్రమంగా పొట్టివై, తర్వాత పలచబడ్డాయి. నరీతా అనే చోటు వస్తోంది. అక్కడితో నల్లార్‌బోర్ మొదలు. లాటిన్ మాట అది, చెట్టన్నది లేనిదని అర్థం. రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాయి బయలు.

"ఇప్పుడు మీ కుడిపక్క చూడండి నాన్నా. ఆ దక్షిణం దిక్కంతా స్కైలాబ్ పడిన నేలే."

నాన్న కిటికీకి ముక్కు ఆనించాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏంటికి పాపా ఇంత భూమి ఊరికే పండుకోని ఉండాది?" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉంది. ఐదెకరాల మెట్ట కోసం అన్నదమ్ములు మాటలు మానుకోవడం చూసిన మనిషి.

మళ్ళీ కాసేపటికి: "పాపా, ఈ రెక్క ఎనక ఏందో పొగ మాదిరి పోతాంది."

నా సీట్లోంచి ఆ రెక్క వెనక అంచు సరిగా కనపడదు. మెడ సాచి చూశాను. రెక్క అంచు నుంచి సన్నటి తెల్లటి తుంపర గాల్లోకి వెళ్ళిపోతోంది. అప్పుడు గేజీలు చూశాను. ఎడమ ట్యాంకు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. కుడిది బాగా కిందికి వచ్చింది. నేను దాన్ని ముందే గమనించాను, అబద్ధం ఎందుకు. ఈ మోడల్‌లో రెండు ట్యాంకులూ ఎప్పుడూ సమానంగా తగ్గవు, గేజీలను పెద్దగా నమ్మొద్దని కూడా నేర్పుతారు. అదే అయ్యుంటుందని అనుకుని వదిలేశాను.

ఒళ్ళు చల్లబడింది. నోరు ఎండిపోయింది. టెన్షన్‌లో చెయ్యి ముందుగా వెనక్కి తిప్పేద్దామనే చూస్తుంది. వచ్చిన దారి తెలుసు, వెనక ఊరుంది, హాస్పిటల్ ఉంది, ముందర ఏమీ లేదు. చార్టు తీశాను. బయలుదేరి గంటా పావు. 300 కిలోమీటర్లు వచ్చాం, 335 మిగిలాయి. పెన్సిల్ గీత దాటి ఉన్నాం. ఎదురుగాలిలో వెనక్కి వెళ్ళాలంటే గంటా 37 నిమిషాలు. ముందుకు గంటా 24.

ఇంకో లెక్క కూడా వేశాను. కుడి ట్యాంకు ఇప్పుడే మొత్తం ఖాళీ అయిపోయిందనుకున్నాను. ఎడమలో పుస్తకం లెక్కన 76 లీటర్లు ఉండాలి. అంటే రెండు గంటల పది నిమిషాలు. చాలు. ఆ అంకె కాగితం మీద రాసుకున్నాక శ్వాస మామూలుగా వచ్చింది.

"ముందుకా, ఎనక్కా?" అన్నాడు నాన్న. గొంతులో ఏ మార్పూ లేదు.

"ముందుకే నాన్నా. గీత దాటేసినాం."

పెట్రోలు తిప్పే మీట ఎప్పుడూ 'బోత్' మీద ఉంటుంది. దాన్ని 'రైట్' మీదికి తిప్పాను. గాలికి పోయే పెట్రోలును అంతకంటే ముందు ఇంజినే తాగాలని. మెల్‌బోర్న్ సెంటర్‌కు రేడియోలో సంగతి చెప్పాను. లోపల ఎంతమంది, ఉన్న పెట్రోలు ఎంతసేపు వస్తుంది అని అడిగింది కంట్రోలర్. పావుగంటకోసారి ఎక్కడున్నామో చెప్పమంది. "మీరు చెప్పేదాకా ఇక్కడే ఉంటాను" అంది. ఆమెది రోజూ చేసే పనే కావచ్చు. నేను మాత్రం ఆ గొంతును మరిచిపోలేను. విమానాన్ని సరిగ్గా పట్టాల మీదికి తెచ్చాను. దిగాల్సి వస్తే పట్టాల పక్కనే దిగాలి, ఏదో ఒక రైలు వస్తుంది.

రాలిన్నా దాటాం. పది లక్షల హెక్టార్ల ఫారం ఒకటి ఉందక్కడ. పై నుంచి మాకు కనపడింది నాలుగైదు కప్పులు. ఆ తర్వాత భూమి మీద ఏ గీతా లేదు, పట్టాలు తప్ప. అక్కడికి కొంత దూరంలో పట్టాలు వంపు తిరగడం మానేస్తాయి. 478 కిలోమీటర్లు, ఒక్క వంపు లేకుండా. ప్రపంచంలో ఇంత తిన్నని రైలు దారి ఇంకెక్కడా లేదు. నాన్న ఆ పట్టాలనూ, రెక్కనూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. ప్రతి ఐదు నిమిషాలకూ ఆయనే చెప్పేవాడు, "పోతాంది", "తగ్గినట్టుండాది", "పోతాంది". నాకు ఆ మాటలే గేజీ.

ముప్పావు గంట తర్వాత మీట మళ్ళీ 'బోత్' మీదికి తెచ్చాను. దిగేటప్పుడు అలాగే ఉండాలి. ఆ బయలు మీద దూరంగా రెండు తారు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనపడ్డాయి. పక్కన కొన్ని ఇళ్ళు. అదే ఫారెస్ట్. దిగి ఇంజిన్ ఆపాక మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు. ఎంత నిశ్శబ్దమంటే, చల్లారుతున్న ఇంజిన్ టిక్కు టిక్కుమనడం వినపడింది.

నిచ్చెన వేసి రెక్క పైకి చూశాను. కుడి ట్యాంకు మూత నుంచి వెనక అంచు దాకా నీలం చార. ఈ పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. మూత కింద రబ్బరు రింగు ఒక పక్క మడతపడి కూర్చుంది. రెక్క మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ సందులోంచి పెట్రోలును పైకి లాగేసింది. పుల్ల పెట్టి కొలిచాను. ఎడమలో 64, కుడిలో 12. కారిపోయింది 26 లీటర్లు.

పొద్దున మూత పెట్టింది నేనే. పెట్టాక కింద నుంచి చూసి, సరిగ్గా ఉందని చెక్‌లిస్టులో టిక్కు కొట్టాను. నాన్నకు అదే చెప్పాను.

"చూసేది కాదు పాపా. చెయ్యి పెట్టి చూడల్ల." అంతే అన్నాడు. తిట్టలేదు.

అప్పటి నుంచి మూత పెట్టాక మళ్ళీ పట్టి లాగి చూడకుండా నేను నిచ్చెన దిగలేదు.

ఫోన్‌లో ఇంజినీర్‌తో మాట్లాడి, ఆయన చెప్పినట్టు రింగు సర్ది మూత బిగించి, రన్‌వే చుట్టూ ఒక రౌండ్ ఎగిరి దిగాను. నాన్న కింద నిలబడి చూశాడు. రెక్క పొడిగా ఉంది.

ఆ రాత్రి ఫారెస్ట్‌లోనే. పేరు చూసి అడవి అనుకోవద్దు. జాన్ ఫారెస్ట్ అనే ఆయన పేరది, ఈ రాష్ట్రానికి మొదటి ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి. 1870లో ఆయన గుర్రాల మీద పెర్త్ నుంచి అడిలైడ్‌కు సముద్రం ఒడ్డు వెంబడి వెళ్ళాడు. ఐదు నెలలు పట్టింది. 1929లో పెర్త్, అడిలైడ్ మధ్య విమానాలు మొదలైనప్పుడు ప్రయాణికులు రాత్రికి ఇక్కడే ఆగి నిద్రపోయేవాళ్ళు. ఇప్పుడు ఎయిర్‌పోర్టును చూసుకునే దంపతులు ఉన్నారు, మేము ఉన్నాం. నలుగురం. పొద్దు ఐదుకు ముందే కుంకింది, ఎందుకంటే గడియారం పెర్త్‌ది, సూర్యుడు వీళ్ళ సొంతం.

నాన్న ఆ ఆంటీని అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించే. నేను మధ్యలో ఉండి చెప్పాను. ఈ రైలు దారి మొత్తం మీద ఏడాదంతా పారే మంచినీళ్ళ ఏరు ఒక్కటీ లేదు. తూర్పున ఊల్డియా అనే చోట ఇసుకలో ఒక ఊట ఉండేది. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళుగా దాని మీద బతికారు, దూరదూరాల నుంచి వచ్చి కలుసుకునేవాళ్ళు. రైల్వే వాళ్ళు బావులు తవ్వి రైలింజన్ల కోసం తోడారు. 1926 నాటికి నీళ్ళు ఉప్పెక్కిపోయి వదిలేశారు.

నాన్న ఏమన్నాడో రాయాలి. "మన దగ్గర బోర్లు యేసినట్టే చేసినారే."

నేను పై నుంచి చూసి ఖాళీ అనుకున్న చోట ఎవరికో ఒక బావి ఉంది, దాని దారి తెలిసినవాళ్ళు ఉన్నారు. ఇంకా ఉత్తరాన మారలింగలో 1956 నుంచి బ్రిటిష్ వాళ్ళు అణుబాంబులు పేల్చి చూసింది కూడా, ఖాళీ నేలే కదా అని. ఆ మాట వాడే ముందు ఇప్పుడు నేను రెండుసార్లు ఆలోచిస్తున్నాను.

రాత్రి భోజనాలయ్యాక పట్టాల దగ్గరికి నడిచాం. పడమర ఒక వెలుగు కనపడింది. చుక్క అనుకున్నాం. ఎంతసేపైనా అక్కడే ఉంది, పెద్దదవుతోంది. చలికి తట్టుకోలేక దుప్పట్లు తెచ్చుకుని మళ్ళీ నిలబడ్డాం. చివరికి పట్టాలు సన్నగా పాడాయి, గూడ్సు బండి వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నాన్న మధ్యలో వదిలేశాడు. బండి తోక దీపం తూర్పున చిన్నదై చిన్నదై, మాకు విసుగొచ్చేదాకా కనపడుతూనే ఉంది.

మూడో రోజు సముద్రం. నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. మెట్లు లేవు, ఇసుక లేదు, 60 నుంచి 120 మీటర్ల నిట్టనిలువు కొండగోడ, కింద నీలం నీళ్ళు. హెడ్ ఆఫ్ బైట్ దగ్గర తిమింగలాలు కనపడ్డాయి. సదరన్ రైట్ తిమింగలాలు చలికాలంలో ఈనడానికి ఇక్కడికి వస్తాయి. వాటిని బెదరగొట్టకూడదు కాబట్టి 1500 అడుగుల కిందికి దిగలేదు. ఆ ఎత్తు నుంచి కూడా తల్లి పక్కన పిల్ల స్పష్టంగా తెలిసింది. "బర్రె, దూడ మాదిరే ఆనుకోని పోతాండాయి సూడు" అని నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. విమానంలో ఉన్నంతసేపు నన్ను ముట్టుకోకూడదని తనకు తానే పెట్టుకున్న నియమాన్ని ఆయన తప్పింది అప్పుడొక్కసారే.

సెడూనా నుంచి అడిలైడ్‌కు మబ్బులు, కొంచెం కుదుపులు, మళ్ళీ పొలాలు, రోడ్లు, ఊళ్ళు. నాన్నకు అక్కడ ఆసక్తి పోయింది. నిద్రపోయాడు.

అడిలైడ్‌లో హోటల్ గదిలో ఆయన జేబు డైరీ తీశాడు. ఆర్టీసీలో డ్రైవర్‌కు కేఎంపీఎల్ అంటే పరువు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డిపో బోర్డు మీద రాసేవాళ్ళు. ఐదుకు పైన తెస్తే మంచి డ్రైవర్. పెట్రోలు రసీదులన్నీ ఇమ్మన్నాడు. మొత్తం 396 లీటర్లు, 2300 కిలోమీటర్లు. ఫోన్‌లో లెక్క వేసి, కారిపోయింది తీసేసి, 6.2 అని చెప్పాను.

"కారింది ఏంటికి తీసేస్తావు? మూత పెట్టింది నువ్వే కదా" అని మళ్ళీ కలిపి, 5.8 అని డైరీలో రాసుకున్నాడు. కింద తేదీ వేశాడు. పక్కన నా పేరు, డ్రైవర్ అని.